డెక్కు మీద పెర్గోలా: గుంజ కింద ఏముందన్నదే అసలు ప్రశ్న

మీరు అడిగింది ఇదీ. వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఇల్లు. వెనక పడమటి వైపు ఇంటి వెంబడి 20 అడుగులు, బయటికి 16 అడుగులు ఉన్న డెక్కు, అంటే నేలకి ఎత్తుగా కర్రతో కట్టిన అరుగు. నేల నుంచి ఎత్తు 4 అడుగులు, పైన కాంపోజిట్ పలకలు. దాని మీద పెర్గోలా (పైకప్పు లేకుండా వాసాలు, బద్దలతో కట్టే పందిరి) వేయించుకుని సాయంత్రాలు కూర్చోవాలి, దొండ, సొర పాకించాలి. వచ్చి చూసిన కంట్రాక్టర్ నాలుగు గుంజల కింద నాలుగు ఇనుప బేసులు పెట్టి డెక్కు పలకలకి స్క్రూలు బిగిస్తే ఒక్క రోజులో అయిపోతుందన్నాడు. అది సరిపోతుందా అని మీ అనుమానం.

సరిపోదు. అలా వేయించుకోకండి.

పెర్గోలా అనగానే అందరూ బరువు గురించి ఆలోచిస్తారు. పైకప్పు లేదు కదా, నాలుగు కర్రలే కదా, డెక్కు మోయదా అనుకుంటారు. మోస్తుంది. మీకు కావలసిన కొలతకి, అంటే గుంజల మధ్య 12 అడుగులు, 10 అడుగులు ఉన్న పందిరికి, డెక్కు పైన ఉండే కర్ర మొత్తం సుమారు వెయ్యి పౌండ్లు తూగుతుంది. ఒక్కో గుంజ మీద 250 పౌండ్లు. అంత బరువు డెక్కుకి కొత్తేమీ కాదు. ఇబ్బందల్లా గాలితోనే. పందిరిని గాలి పైకి లేపాలని చూస్తుంది, పక్కకి తోయాలని చూస్తుంది. మన ఊళ్లలో పందిరి గుంజని రెండడుగుల గోతిలో పాతి, మట్టి పోసి దిమ్మిస కొట్టేది ఇందుకే. బరువు మొయ్యడానికే అయితే గుంజని నేల మీద నిలబెడితే చాలు, పాతక్కర్లేదు.

లెక్క చూడండి. గాలి ఒత్తిడి చదరపు అడుగుకి ఎన్ని పౌండ్లో తెలియాలంటే గంటకి మైళ్లలో ఉన్న వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.00256తో గుణించాలి. 70 మైళ్ల గాలికి అది 12.5 పౌండ్లు వస్తుంది. అలాంటి గాలి మీ వైపు రాదనుకోకండి: 2012 జూన్ 29 రాత్రి వచ్చిన డెరేచో తుఫానులో వాషింగ్టన్ చుట్టుపక్కల గాలి దాదాపు ఆ వేగంతోనే వీచింది. ఇప్పుడు మీ పందిరి పైభాగం 14 అడుగులు, 12 అడుగులు, అంటే 168 చదరపు అడుగులు. ఖాళీగా ఉంటే గాలి సందుల్లోంచి పోతుంది, పెద్ద బాధ లేదు. కానీ దాని మీద నీడ గుడ్డ కట్టినా, పాలీకార్బొనేట్ షీటు వేసినా, ఆగస్టు నాటికి సొరపాదు దట్టంగా కమ్ముకున్నా అది తెరచాప అయిపోతుంది. 168ని 12.5తో గుణిస్తే 2,100 పౌండ్లు. పందిరి సొంత బరువు వెయ్యి పోగా ఇంకా 1,100 పౌండ్ల లాగుడు మిగిలింది. అది నాలుగు గుంజలకీ సమానంగా పడదు, గాలి వచ్చే వైపు రెండు గుంజలే ఎక్కువ భాగం భరిస్తాయి.

ఆ లాగుడు పట్టుకోవలసింది కంట్రాక్టర్ చెప్పిన స్క్రూలు. అవి ఎంత లోతు దిగుతాయి? కాంపోజిట్ పలక మందం అంగుళం లోపే. రంపపు పొట్టు, ప్లాస్టిక్ కలిపి పోసిన పలక అది. నడవడానికే చేశారు, నిర్మాణ బరువు మొయ్యడానికి కాదు. పైగా ఆ పలకని కింద జాయిస్టులకి (పలకల్ని మోసే అడ్డ కర్రలకి) పట్టి ఉంచేవి చిన్న క్లిప్పులు. గుంజ లేస్తే బేసుతో పాటు పలక కూడా ఊడి వస్తుంది. పక్క తోపుడికైతే తుఫాను కూడా అక్కర్లేదు. 8 అడుగుల ఎత్తున చేత్తో ఊపినా గుంజ అడుగున సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. రెండు వేసవులు గడిచేసరికి స్క్రూ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోతాయి, ఆ రంధ్రాల్లోంచి దిగిన నీళ్లు కింద జాయిస్టు తలని కుళ్లబెడతాయి. పలక పైన అంతా బాగానే కనిపిస్తుంది. అదే ప్రమాదం.

కాబట్టి గుంజ మీద పడిన ప్రతి బలం, కిందికైనా పైకైనా, భూమి దాకా తెగకుండా చేరాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, డెక్కు పలకని కోసి గుంజని కిందికి దించి దాని సొంత పునాది మీద నిలబెట్టడం. రెండోది, డెక్కు దూలానికీ దాని కింది స్తంభానికీ సరిగ్గా పైన గుంజ పెట్టి, మధ్యలో గట్టి దిమ్మెలు బిగించి, ఆరపార బోల్టులు, టెన్షన్ టైలతో (పైకి లేవకుండా లాగి పట్టే ఇనుప బందులతో) కింది స్తంభానికి కట్టేయడం. రెండోది డెక్కు రెండో అంతస్తు ఎత్తున ఉన్నవాళ్లకి. వాకౌట్ బేస్‌మెంట్ (వెనక నేల మట్టానికే తలుపు తెరుచుకునే బేస్‌మెంట్) ఇళ్లలో డెక్కు పదడుగుల పైన ఉంటుంది, అక్కడ గుంజని కిందికి దించడం కుదరదు. అలాంటివాళ్లు ఇంజనీరు చేత లెక్క కట్టించుకోవాలి, ఎందుకంటే అమెరికాలో మామూలు డెక్కుని మనుషులు, సామాన్ల కోసం చదరపు అడుగుకి 40 పౌండ్లు, సొంత బరువు 10 పౌండ్ల లెక్కతో కడతారు. గాలి పైకి లాగే పందిరి ఆ లెక్కలో లేదు. మీది 4 అడుగుల ఎత్తే. కింద దూరి పనిచేయొచ్చు. మీకు మొదటి దారే మంచిది, నాలుగు గుంజలకీ అదే చేయండి.

గుంజలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి తొందరపడకండి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గోడకి ఆనించి పెడితే డెక్కు అంతా కలిసొస్తుందని అందరికీ అనిపిస్తుంది. కానీ మీకు బేస్‌మెంట్ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు బేస్‌మెంట్ గోడకి బయట కొన్ని అడుగుల మేర అదనంగా తవ్వి, గోడ లేచాక వదులు మట్టితో పూడుస్తారు. ఆ పూడిక మట్టి ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది, అందులో వేసిన పునాది దానితో పాటు దిగుతుంది. ఇంటివైపు గుంజలని గోడకి కనీసం 5 అడుగుల దూరంలో పెట్టండి. తవ్వేటప్పుడు మట్టిని కూడా చూడండి. రంగురంగులుగా కలిసిపోయి, ఇటుక ముక్కలు, కర్ర ముక్కలు వస్తుంటే అది పూడికే. ఒకే రంగున గట్టి ఎర్రమట్టి తగిలేదాకా వెళ్లాలి, లేదా గుంజని ఇంకా బయటికి జరపాలి.

గుంజల బదులు ఇంటి గోడకే దూలం బిగిస్తే రెండు గుంజలు మిగులుతాయి కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గోడకి ఇటుక ముఖం ఉంటే అది అలంకారపు వరస, బరువు మోయదు. సైడింగ్ (గోడకి బయట బిగించే పలకలు) అయితే దాన్ని కోసి ఫ్లాషింగ్, అంటే నీళ్లని బయటికి మళ్లించే రేకు, సరిగ్గా పెట్టాలి. పెట్టకపోతే నీళ్లు గోడలోకి దిగుతాయి. డెక్కుని ఇంటికి పట్టి ఉంచే లెడ్జర్ పలక జోలికి అసలు వెళ్లకండి.

మీ డెక్కు దూలం బయటి అంచుకి 2 అడుగుల లోపల, గోడ నుంచి 14 అడుగుల గీత మీద ఉందని రాశారు. దాని స్తంభాలు చివర్ల నుంచి 1, 7, 13, 19 అడుగుల దగ్గర. అయితే మీ గుంజల చోట్లు ఇలా కుదురుతాయి: ఇంటివైపు రెండు గోడకి 5 అడుగుల గీత మీద, బయటి రెండు 15 అడుగుల గీత మీద, అంటే దూలానికీ చివరి పలకకీ మధ్య. పొడవు వైపు 4, 16 అడుగుల దగ్గర. అప్పుడు కొత్త గోతులు పాత ఫుటింగులకి (పునాది దిమ్మెలకి) మూడడుగుల దూరంలో పడతాయి, పాతవాటి కింది మట్టి కదలదు. జాయిస్టుల మధ్య ఖాళీ పద్నాలుగున్నర అంగుళాలు, గుంజ అయిదున్నర అంగుళాలు. గుంజ సరిగ్గా జాయిస్టు మీద పడితే జాయిస్టుని కోయకండి, గుంజనే నాలుగంగుళాలు జరపండి. జరిపితే అన్నిటినీ కలిపి జరపాలి. మూలలు మూలమట్టానికి కుదిరాయో లేదో కర్ణాలు చెబుతాయి: గుంజల మధ్య గీతలు 12, 10 అడుగులైతే మూల నుంచి మూలకి 15 అడుగుల ఏడున్నర అంగుళాలకి ఒక వెంట్రుక తక్కువ రావాలి, రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి.

ఇక వాసాలు ఎటు పరచాలి? పెర్గోలా అందంగా ఉండి నీడ ఇవ్వకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. మీ డెక్కు పడమటి వైపు, మీరు కూర్చునేది సాయంత్రం. జూన్ నెలలో మీ అక్షాంశంలో సాయంత్రం 5 గంటలకి సూర్యుడు సరిగ్గా పడమర దిక్కున 40 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. వాసాలు ఉత్తర దక్షిణాలుగా, 16 అంగుళాల ఎడంలో, నిలువుగా ఉంటే ఆ ఎండకి అడ్డం పడతాయి. 2×8 అనేది పేరుకే, ఒక్కో వాసం అసలు ఎత్తు ఏడుంపావు అంగుళాలు కాబట్టి, ప్రతి 16 అంగుళాల్లో 10 అంగుళాలు నీడే. అవే వాసాలని తూర్పు పడమరలుగా పరిస్తే ఎండ వాటి వెంబడే జారిపోతుంది, 16 అంగుళాల్లో అంగుళంన్నరే నీడ. ఖర్చు ఒకటే, కర్ర ఒకటే, తిప్పిన దిక్కుని బట్టి నీడ ఆరేడు రెట్లు తేడా. మధ్యాహ్నం సంగతి వేరు, అప్పుడు సూర్యుడు దక్షిణాన 74 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మీ వాసాలు పెద్దగా ఆపలేవు. ఆ పని పాదు ఆకులది.

ఇంకో విషయం ఎవరూ ముందుగా చెప్పరు. సాయంత్రపు నీడ పందిరి కింద పడదు, తూర్పుకి జరిగి పడుతుంది. వాసాలు డెక్కుకి 9 అడుగుల పైన ఉంటే, కుర్చీలో కూర్చున్న మనిషి తల 4 అడుగుల దగ్గర ఉంటే, 5 గంటలకి నీడ 6 అడుగులు ఇంటివైపు జరుగుతుంది. డెక్కు బయటి అంచు నుంచి ఆరడుగుల మేర పందిరి ఉన్నా ఎండ ముఖాన కొడుతుంది. 7 గంటలకి సూర్యుడు 16 డిగ్రీలకి దిగుతాడు, నీడ పూర్తిగా ఇంటి గోడ మీదికి వెళ్లిపోతుంది. కాబట్టి పడమటి వైపు బయటి గుంజల మధ్య నిలువు తడిక ఒకటి తప్పనిసరి. మీ దొండపాదు అసలు చోటు అదే. కోతకి కూడా అందుతుంది, కాయ కోసం నిచ్చెన ఎక్కక్కర్లేదు.

ఇక కర్ర లెక్క. గుంజలు 6×6, 14 అడుగులవి 4. దూలాలు 2×10, 12 అడుగులవి 4, జంటగా రెండు దూలాలు, తూర్పు పడమరలుగా. వాసాలు 2×8, 14 అడుగులవి 9. పైన బద్దలు 2×2, 8 అడుగులవి 28, పాడైపోయే వాటి కోసం మరో 4. మూలకట్లకి 4×4, 30 అంగుళాల ముక్కలు 8. పీడనంతో మందు ఎక్కించిన సదరన్ పైన్ చాలు, గుంజలకి మాత్రం నేల తాకే వాడకానికని చీటీ ఉన్నది, యూసీ4ఏ అని ఉంటుంది, అదే తీసుకోండి. సీడార్ తేలిక, వంకర్లు తక్కువ పోతుంది, ధర ఎక్కువ. డబ్బు సీడార్ మీద పెట్టేకన్నా ఇనుప సామాను మీద పెట్టమంటాను. 2003 చివరి వరకూ ఇళ్ల కర్రకి ఎక్కించిన ఆర్సెనిక్ మందు స్థానంలో ఇప్పుడు రాగి మందులు వాడుతున్నారు. రాగి మామూలు జింకు పూతని తినేస్తుంది. అందుకని మేకు నుంచి బోల్టు దాకా ప్రతిదీ హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ అయి ఉండాలి, రెండిటినీ ఒకే అతుకులో కలపకూడదు. మందు కర్రకి అల్యూమినియం తగిలినా తుప్పే.

కర్ర తడిగా వస్తుంది. నాలుగు రోజులు ఎండలో పడేస్తే వంకర్లు తిరిగి పనికిరాకుండా పోతుంది. తెచ్చిన రోజునుంచి సన్న బద్దలు మధ్య మధ్య పెట్టి నీడలో పేర్చండి, వీలైనంత తొందరగా బిగించండి. బిగించిన కర్ర ఉన్నచోటే ఆరుతుంది.

తవ్వే ముందు రెండు పనులున్నాయి. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, కౌంటీ పర్మిట్ తెచ్చుకోండి. ఇంటి ప్లాటు మీద గుంజల కొలతలు గీసి, ఫుటింగు కోత బొమ్మ ఒకటి జత చేస్తే అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. తర్వాత 811కి ఫోన్ చేయండి, అది ఉచితం. కనీసం మూడు పనిదినాల ముందు చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ తీగలు ఎక్కడున్నాయో నేల మీద రంగులతో గుర్తు పెట్టి వెళతారు. మీ సొంతంగా వేయించుకున్న గ్రిల్లు గ్యాస్ పైపు, తోట లైట్ల తీగ, స్ప్రింక్లర్ పైపులు వాళ్ల గుర్తుల్లో ఉండవు. అవి మీరే గుర్తు తెచ్చుకోవాలి.

గొయ్యి 16 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు. ఉత్తర వర్జీనియాలో చలికాలం నేల గడ్డకట్టే లోతు 24 అంగుళాలుగా లెక్కిస్తారు, దానికి దిగువకి పోవాలి. ఇదే న్యూజెర్సీలో అయితే 36, షికాగోలో 42, ఆ పైన తవ్వాలి. పైపైన పోస్తే చలికాలంలో గడ్డకట్టిన మట్టి పునాదిని పైకి నెడుతుంది, నాలుగు గుంజలూ నాలుగు రకాలుగా లేస్తాయి, వాసాల అతుకులు విచ్చుకుంటాయి. గొయ్యి అడుగున వదులు మట్టి ఉండకూడదు, గడ్డపారతో కొట్టి చేత్తో తీసేయండి. అట్ట గొట్టం నేలకి 6 అంగుళాలు పైకి వచ్చేలా నిలబెట్టి కాంక్రీటు పోస్తే, మొత్తం 3 అడుగుల దిమ్మె. 80 పౌండ్ల బస్తాకి 0.6 ఘనపుటడుగు వస్తుంది, గోతికి 7 బస్తాలు, నాలుగింటికి 28. ఒక్కో దిమ్మె 600 పౌండ్లకి పైగా తూగుతుంది. పైన లెక్కగట్టిన గాలి లాగుడుకి ఎదురు నిలిచేది ఈ బరువే, అందుకే సన్న గొట్టంతో సరిపెట్టొద్దంటున్నాను.

డెక్కు కింద నాలుగడుగుల ఎత్తులో వంగి తవ్వడం నడుము పడిపోయే పని. ఆ చోట పై పలకలు రెండు మూడు విప్పేస్తే మట్టి పైకి అందించొచ్చు, కాంక్రీటు పైనుంచే పోయొచ్చు. తూకపు గుండుని పై గుర్తు నుంచి వదిలి, అది చూపిన చోటే అయిదు ఎనిమిదో వంతుల (5/8) అంగుళం యాంకర్ బోల్టుని తడి కాంక్రీటులో దించండి. కాంక్రీటు గట్టిపడ్డాక సింప్సన్ కంపెనీ ఏబీయూ66 లాంటి అంగుళం ఎత్తు లేపే బేసు పెట్టాలి. ఆ అంగుళం ఖాళీ వల్లే గుంజ అడుగు ఆరుతుంది. గుంజని నేరుగా కాంక్రీటులో పాతేస్తే మందు కర్రైనా సరే, కర్రకీ కాంక్రీటుకీ మధ్య నీళ్లు నిలిచి, కాలం గడిచేకొద్దీ సరిగ్గా నేల మట్టం దగ్గర కుళ్లుతుంది. గుంజ నిలబెట్టేటప్పుడు ఫ్యాక్టరీ కోసిన చివర కిందికి, మీరు కోసిన చివర పైకి. కోసిన ప్రతి ముఖానికీ కాపర్ నాఫ్తనేట్ బ్రష్షుతో పూయండి, మందు కర్ర లోపలి దాకా ఎక్కి ఉండదు.

గుంజ డెక్కు మట్టం దాటే చోట ఇలా చేయండి. కాంపోజిట్ పలకని జిగ్‌సాతో కోసేటప్పుడు గుంజ చుట్టూ పావంగుళం సందు వదలండి, ఎండకి పలక సాగుతుంది. కోసిన పలక చివరలు గాల్లో వేలాడకూడదు, జాయిస్టుల మధ్య 2×10 దిమ్మెలు గుంజకి అటూ ఇటూ బిగించి వాటి మీద కూర్చోబెట్టండి. ఆ దిమ్మెలకి గుంజని రెండు అర అంగుళం బోల్టులతో పట్టేస్తే గుంజకి నడుము దగ్గర పట్టు దొరుకుతుంది. డెక్కు పైన బేసు మీద నిలబెట్టిన గుంజకి ఈ పట్టు ఎప్పటికీ రాదు. దిమ్మెల తలలకి, జాయిస్టులకి జిగురు టేపు వేయండి.

దూలం దిగువ అంచు డెక్కు నుంచి 8 అడుగులు ఉండాలి. నాలుగు గుంజలనీ ముందే ఒకే కొలతకి కోయకండి. ఒక గుంజ మీద గుర్తు పెట్టి, నీళ్ల గొట్టంతోనో లేజరుతోనో మిగతా మూడింటికీ అదే మట్టం తీసుకెళ్లండి, నిలబెట్టాకే కోయండి. కాంక్రీటు దిమ్మెలు నాలుగూ ఒకే ఎత్తున రావడం అరుదు.

గుంజ తల కోత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసిన ప్రతి రెండో పెర్గోలాలో ఇది తప్పుగా ఉంటుంది. సులువని రెండు 2×10లనీ గుంజకి చెరో పక్క ఆనించి బోల్టులు బిగించేస్తారు. అప్పుడు పందిరి బరువంతా బోల్టుల మీద వేలాడుతుంది, ఆరిన కర్ర ఆ బోల్టు దగ్గరే చీలుతుంది. దాని బదులు గుంజ తలని రెండు వైపులా అంగుళంన్నర లోతున, తొమ్మిదింపావు అంగుళాల పొడవున కోయండి. మధ్యలో రెండున్నర అంగుళాల నాలుక మిగులుతుంది, రెండు పక్కలా రెండు భుజాలు వస్తాయి. దూలం పలకలు ఆ భుజాల మీద కూర్చుంటాయి, బరువు నేరుగా కర్ర మీంచి కర్ర మీదికి దిగుతుంది. 7 అంగుళాల పొడవు, అర అంగుళం లావు బోల్టులు రెండు, వాషర్లతో, పట్టి ఉంచడానికే. కోత వృత్తాకార రంపంతో పావంగుళానికొక గాటు పెట్టి, ముక్కలు సుత్తితో రాల్చి, ఉలితో చదును చేస్తే తేలిక. భుజం మీద దూలానికి కింద కాగితం దూరేంత సందు కూడా ఉండకూడదు. పలకలకి కొద్దిగా పొట్ట ఉంటుంది, కంటితో వెంబడి చూస్తే తెలుస్తుంది. ఆ పొట్ట పైకి ఉండాలి. వాసాలకీ అంతే.

మూలకట్లు అలంకారం కాదు. బేసు దగ్గర గుంజ మడత బందులా తిరగగలదు. నడుము దగ్గర బోల్టులు కొంత ఆపుతాయి, తల దగ్గర ఊగకుండా ఆపేది ఈ 45 డిగ్రీల 4×4 ముక్కలే. ప్రతి గుంజకీ రెండు, ఒకటి దూలం వెంబడి, ఒకటి వాసం వెంబడి. మొత్తం 8. అందం కోసం దూలం వైపే పెట్టి రెండో దిక్కు వదిలేస్తే పందిరి ఆ దిక్కుకే ఊగుతుంది. వాసం వైపు ముక్క నేరుగా గుంజ పక్కన వచ్చే వాసానికి బిగిసేలా ఆ వాసం చోటు ముందే సరిచూసుకోండి.

వాసాలని దూలం చివరి నుంచి 8 అంగుళాల దగ్గర మొదలుపెట్టి 16 అంగుళాలకొకటి పెడితే తొమ్మిదోది అవతలి చివరికి మళ్లీ 8 అంగుళాల దగ్గరే పడుతుంది. గుంజ పక్కన వచ్చేవి మూలకట్టు కోసం అంగుళమో రెండో జరిగితే ఫరవాలేదు. ప్రతి వాసానికీ రెండు దూలాల దగ్గరా ఒక్కో హరికేన్ టై (గాలికి వాసం లేవకుండా దూలానికి పట్టే ఇనుప పట్టీ), హెచ్2.5ఏ లాంటిది, మొత్తం 18. వాటి రంధ్రాలన్నిటిలోనూ మేకులు పడాలి, ఆ టైకి చెప్పిన మేకులే పడాలి. డెక్కు స్క్రూలు ఇక్కడ వాడొద్దు, అడ్డంగా లాగినప్పుడు పుటుక్కున విరుగుతాయి. ఏటవాలుగా కొట్టిన మేకులతో సరిపెడితే ఊడి వచ్చేది మొదట అదే అతుకు.

పై బద్దలు అడుగుకొకటి చొప్పున 14 వరసలు. ఒక వరసకి 88 అంగుళాల ముక్క ఒకటి, 56 అంగుళాలది ఒకటి. అతుకు సరిగ్గా వాసం నడుమ పడుతుంది, తర్వాతి వరసలో ముక్కలు తిప్పేస్తే అతుకులన్నీ ఒకే వాసం మీద పడవు. అతుకు దగ్గర ఒక్కో ముక్కకి ముప్పావు అంగుళమే ఆనిక, అక్కడ ముందుగా సన్న రంధ్రం వేయకుండా స్క్రూ దించితే 2×2 చివర తప్పకుండా చీలుతుంది. మిగిలిన 40 అంగుళాల ముక్కలు పారేయకండి, పడమటి తడికకి పనికొస్తాయి.

పాదుల విషయానికొస్తే, సొర తీగని బద్దల మీద నైలాన్ వల పరిచి దాని మీదికి ఎక్కించండి, కాయలు కిందికి వేలాడతాయి. పెద్ద కుండీలు డెక్కు మధ్యలో వద్దు. 20 గ్యాలన్ల కుండీ తడిగా ఉంటే 150 పౌండ్లు దాటుతుంది, రోజూ కారే నీళ్లు కింద జాయిస్టులని ఎప్పుడూ తడిగానే ఉంచుతాయి. డెక్కు పక్కన నేలలోనే నాటి పడమటి తడిక మీదుగా పైకి పాకించడం అన్ని విధాలా మేలు. మే నెలలో నేల వెచ్చబడ్డాక నాటితే జులై చివరికి పందిరి ఎక్కుతుంది. ఒక్క అతుకుని కూడా తీగ పూర్తిగా కప్పేయకుండా చూసుకోండి. బోల్టులు కనపడాలి, గాలి ఆడాలి. అక్టోబరులో మొదటి మంచు పడి తీగ ఎండగానే, వలతో సహా దింపేయండి. ఎండిన తీగల చాప మీద మంచు పేరుకుంటే పందిరికి పైకప్పు ఉన్నట్టే లెక్క, ఆ బరువుకి మనం కట్టలేదు. దొండ దుంపని కుండీలో ఉంచుకుంటే గరాజ్‌లో చలికాలం గడిపి మళ్లీ మేలో చిగురిస్తుంది. నీడ గుడ్డ కడితే సులువుగా ఊడే రబ్బరు కొక్కేలతోనే కట్టండి, పిడుగుల వాన హెచ్చరిక వచ్చిందంటే తీసేయండి. పెద్ద గాలికి ముందు గుడ్డ ఊడాలి, గుంజ కాదు.

రంగు, స్టెయిన్ ఇప్పుడే వేయకండి. కర్ర మీద నాలుగు నీటి బొట్లు చల్లి చూడండి. పూసల్లా నిలబడితే ఇంకా తడి ఉంది, పీల్చుకుంటే సిద్ధం. అందుకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. కర్ర ఆరినప్పుడు సన్నబడుతుంది కాబట్టి బోల్టులన్నీ వదులవుతాయి. మొదటి వేసవి చివర ఒకసారి, మరుసటి వసంతంలో ఒకసారి పానా పట్టుకుని అన్నీ బిగించండి. నడుము దగ్గరి బోల్టులు డెక్కు కింద ఉంటాయి, అవి మర్చిపోతారు, అందుకే వాటితోనే మొదలుపెట్టండి.

కంట్రాక్టర్‌తోనే చేయిస్తానంటే కాగితం మీద నాలుగు మాటలు రాయించుకోండి: ఫుటింగు లోతు 30 అంగుళాలు, కౌంటీ ఇన్‌స్పెక్టర్ గొయ్యి చూశాకే కాంక్రీటు, గుంజ తల భుజం కోత, ఇనుప సామాను హాట్ డిప్ గాల్వనైజ్డ్. ఒక్క రోజు పని అన్నవాళ్లు దీనికి మూడు నాలుగు రోజులు అడుగుతారు. ఆ రోజులు ఇవ్వండి.